రెండు కుందేళ్లు, ఒక వెనక వసారా: హనుమకొండ నుంచి ఒక కేసు

నా కేసు పుస్తకంలో ప్రతి పేజీ మొదట్లో మూడు గడులుంటాయి: జంతువు, వయసు, బరువు. కిందటి ఏడాది జనవరి చివరి వారంలో ఒక పేజీలో ఆ మూడూ ఖాళీగానే ఉండిపోయాయి. వచ్చినవాళ్లు తల్లి, పదకొండేళ్ల కూతురు. చేతిలో బుట్ట లేదు, అట్టపెట్టె లేదు. "డాక్టర్ గారూ, పాప కోసం కుందేళ్లు కొందామనుకుంటున్నాం. ఏ పంజరమైతే బాగుంటుందో చెప్తారా?" అని ఆ తల్లి ఫోనులో ఒక ఫొటో చూపించింది.

జంతువును కొన్నాక, అది తిండి మానేశాక వచ్చేవాళ్లను రోజూ చూస్తాను. కొనకముందే అడగడానికి వచ్చినవాళ్లను నా ప్రాక్టీసులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ సంతోషంలో ఫీజు వద్దన్నాను. తర్వాతి నాలుగు నెలల్లో ఇదే కేసులో నేను రెండు తప్పులు చేశాను కాబట్టి, తీసుకోకపోవడమే మేలైంది.

ఫొటోలోది రామచిలుకలు అమ్మే దుకాణంలో కనిపించే తీగ పంజరం. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున కూడా తీగలే, కింద పెంటికలు పడే రేకు పళ్లెం. ధర 3,200 రూపాయలు. వాళ్లు మొత్తం పెట్టగలిగింది 6,000. తండ్రిది చౌరస్తా వైపు చిన్న కుట్టు దుకాణం, ఉంటున్నది కిరాయి ఇల్లు. సగం డబ్బు పంజరానికే పోతుందని తల్లి దిగులు. ఆ డబ్బుతో కొనేది ఇల్లు కాదు, రోగం అన్నది నా దిగులు.

కుందేలు అరికాలికి కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు మెత్తటి దిండు ఉండదు, బొచ్చు మాత్రమే ఉంటుంది. తీగల మీద నెలల తరబడి నిలబడితే ఆ బొచ్చు అరిగి, చర్మం ఎర్రబడి, పుండు పడుతుంది. ఆ పుండు ఎముకదాకా పోయిన కుందేళ్లకు కట్లు కట్టిన రోజులున్నాయి. ఇలాంటి పంజరం మాంసం కోసం పెంచే ఫారాల నుంచి వచ్చిన అలవాటు. మూడు నెలలకు తూకం వేసి అమ్మేసే జంతువుకూ, ఎనిమిది పదేళ్లు ఇంట్లో బతకాల్సిన జంతువుకూ ఒకే కొలత ఎలా సరిపోతుంది? బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ జంట కుందేళ్లకు చెప్పే కనీస కొలత మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు ఎత్తు. ఈ మాట చెప్పగానే ఆ తల్లి నవ్వింది. "మా వంటగదే అంత లేదు సార్."

నిజమే. అందుకే పంజరం సంగతి పక్కన పెట్టి, ఇంట్లో ఏ జాగా ఇవ్వగలరో చూద్దామన్నాను. వెళ్లబోతూ పాప ఇంకో ప్రశ్న వేసింది. పరకాల దగ్గర వాళ్ల మేనమామ పొలంలో అప్పుడప్పుడు చెవులపిల్లి పిల్లలు దొరుకుతాయట, వాటినే తెచ్చుకుంటే డబ్బు ఖర్చు కాదు కదా అని. చెవులపిల్లి అడవి జంతువు, 1972 నాటి వన్యప్రాణి చట్టం దానికి రక్షణ ఇస్తుంది, పట్టడం, పెంచడం నేరం. పైగా అది వేరే జాతి. పెంపుడు కుందేలు యూరప్ నుంచి వచ్చింది, దాని పిల్లలు ఒంటి మీద బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. చెవులపిల్లి పిల్ల బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడుతుంది. చేలో ఒంటరిగా కనిపించినా తల్లి వదిలేసిందని కాదు, చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. పాపకు చట్టం కన్నా ఈ రెండో సంగతే నచ్చినట్టుంది, మేనమామకు ఫోను చేసి చెప్తానంది.

ఇల్లు చూడటానికి ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి వెళ్లాను. ఈ సమయాన్ని గుర్తుపెట్టుకోండి.

పాత కాలనీలో కింది వాటా, యజమానురాలు పైన ఉంటారు. వాళ్లు ముందు అనుకున్న చోటు ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న సందు. రోజంతా నీడే, కానీ మురుగు కాలువ పక్కనే ఉంది, పందికొక్కులు తవ్విన మట్టి కుప్పలు కళ్లముందే ఉన్నాయి. రెండో చోటు మేడ మీది రేకుల గది. అక్కడ పావు నిమిషం నిలబడి దిగివచ్చాం. మూడోది వాళ్లు లెక్కలోకే తీసుకోని చోటు: ఇంటి వెనక తూర్పు వైపు వసారా. పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఆరు. కింద షాబాదు బండలు. తూర్పున నడుము కన్నా తక్కువ ఎత్తు పిట్టగోడ, దాని మీద పైకప్పుదాకా ఇనుప గ్రిల్, ఉత్తరం చివర నిలువెత్తు గేటు. ఉత్తరం సగానికి పైన మెట్ల స్లాబు వస్తుంది, దక్షిణం సగానికి సిమెంటు రేకులు. అందులో నాలుగు బియ్యం బస్తాలు, ఖాళీ సిలిండరు, బట్టలు ఉతికే యంత్రం, తుప్పు పట్టిన సైకిలు.

లెక్క వేస్తే అయిదు చదరపు మీటర్లు. బ్రిటన్ వాళ్ల ఆరుకు ఒకటి తక్కువ. సాయంత్రం రెండు గంటలు హాల్లో వదిలితే ఆ లోటు తీరుతుంది. గోడలు, కప్పు ఉన్నవే కాబట్టి కట్టాల్సిందేమీ లేదు, మూయాల్సిందే ఉంది.

"మరి బియ్యం ఎక్కడ పెట్టాలి?" అని ఆ తల్లి అడిగింది. చవకలో ఇల్లు అంటే ఏమిటో ఆ ప్రశ్నతోనే నాకు సరిగ్గా అర్థమైంది. డబ్బు పెట్టలేనివాళ్లు జాగా ఇవ్వాలి, ఆ జాగా ఇంట్లో ఎవరో ఒకరి అవసరం నుంచే రావాలి. పావుగంట చర్చ తర్వాత బస్తాలు మంచం కిందికి, సైకిలు పాత సామాన్లవాడికి వెళ్లాయి. యంత్రం కదలదు. దాని కరెంటు తీగను గోడ మీద నాలుగడుగుల ఎత్తుకు ఎక్కించి ప్లాస్టిక్ గొట్టంలో దూర్చాం. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, వేలాడే తీగ దానికి వేరులా కనిపిస్తుంది.

ఖర్చులో పెద్ద భాగం జాలీకే పోయింది. గ్రిల్ సందులు నాలుగు అంగుళాలవి, అందులోంచి పిల్లి దర్జాగా వస్తుంది, ఇక మా ఊరి కోతుల సంగతి చెప్పనక్కర లేదు. కోళ్ల జాలీ సగం ధరకే వస్తుందని తండ్రి అన్నాడు. అది కోడిని బయటికి పోకుండా ఆపుతుందేమో కానీ, కుక్కనో ముంగిసనో లోపలికి రాకుండా ఆపదు, కుందేలే కొరికేస్తుంది. అర అంగుళం గళ్ల వెల్డింగ్ జాలీ గ్రిల్ మొత్తానికీ, గేటుకూ కొట్టించారు. నీళ్లు పోయే తూముకు కూడా ఒక ముక్క వేయమన్నాను, పాములకైనా పందికొక్కులకైనా అదే రాజమార్గం. కూలితో కలిపి 2,600.

మిగతావన్నీ చిల్లర ఖర్చులు. బండ నున్నగా ఉండి కాళ్లు జారతాయి, గట్టిదనం అరికాళ్లకు మంచిది కాదు, అందుకని ఈత చాపలు మూడు పరిచారు. కొరికి మింగినా హాని లేదు, పాడైతే మార్చవచ్చు. కుట్టు దుకాణంలో మిగిలే బట్ట ముక్కలు పరుస్తామని తండ్రి ఉత్సాహపడ్డాడు కానీ వద్దన్నాను. కుందేలు వాంతి చేసుకోలేదు, మింగిన దారాలు పేగుల్లో ఉండచుట్టుకుంటే కత్తి పట్టాల్సి వస్తుంది. మలమూత్రాలకు రెండు ప్లాస్టిక్ టబ్బులు, అడుగున పాత పేపర్లు, పైన బూజు లేని వరిగడ్డి. రంపపు పొట్టు వద్దు, దాని ధూళి ముక్కుకు పడదు. దాక్కోవడానికి పండ్ల మార్కెట్లో ఊరికే ఇచ్చిన ఆపిల్ అట్టపెట్టెలు రెండు, ఒక్కోదానికి రెండేసి ద్వారాలు. ఒకే ద్వారం ఉంటే ఒకటి లోపల రెండోదాన్ని మూలకు నెట్టి కొరుకుతుంది. నీళ్లకు బరువైన మట్టి మూకుళ్లు. అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి. అన్నీ కలిపి 3,700 లోపే అయింది. మిగిలిన డబ్బు ముట్టుకోవద్దని, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు అది కూడా చాలదని ముందే చెప్పాను.

మేత గురించి అమ్మేవాళ్లు చెప్పేది ఎప్పుడూ ఒకటే: క్యారెట్, నానబెట్టిన శనగలు. క్యారెట్ కుందేలుకు మిఠాయి లాంటిది, శనగలు కడుపుబ్బరానికి దగ్గరి దారి. దాని తిండిలో ఎనభై శాతం గడ్డే ఉండాలి, ఎండుగడ్డి అయితే మరీ మంచిది. విదేశాల నుంచి వచ్చే తిమోతి గడ్డి ఈ ఇంటికి అందే ధర కాదు. గరిక ఉండగా దిగులెందుకు? వినాయకుడికి పెట్టే ఆ గరికే కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెడితే పచ్చగా, వాసనతో ఎండుతుంది. కానీ ఎక్కడ కోశారన్నదే ముఖ్యం. మా చుట్టుపక్కల పత్తి, మిరప చేల గట్ల మీద గడ్డి మందు కొట్టని చోటు వెతుక్కోవాలి. పైకి పచ్చగా ఉన్నా నిన్ననే మందు పడి ఉండవచ్చు. వయ్యారిభామ కలిసిన గడ్డి కూడా పనికిరాదు. లేత జొన్న పిలకలు వేస్తే పశువులకు నాము (ఆ పిలకల్లోని విషం) తగులుతుందని రైతులందరికీ తెలుసు, కుందేలుకూ అదే లెక్క. చివరికి తండ్రి దుకాణానికి వచ్చే ఒక పాడి రైతు తన ఇంటి వెనక గరిక వారానికి రెండు కట్టలు ఇస్తానన్నాడు, బదులుగా చొక్కాల గుండీలు ఉచితం. ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు కడిగి కొద్దికొద్దిగా పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప ఆకు దగ్గరికి రానివ్వకూడదు.

ఫిబ్రవరి రెండో వారంలో కుందేళ్లు వచ్చాయి, ఎనిమిది వారాల పిల్లలు. అల్లం 640 గ్రాములు, బెల్లం 610. పేర్లు పాప పెట్టినవే. రెండింటినీ వెల్లకిలా పట్టుకుని చూసి, కార్డు మీద "రెండూ ఆడవి" అని రాశాను.

ఇది మొదటి తప్పు. ఈ వయసులో మగదానికి వృషణాలు ఇంకా దిగవు, పది పన్నెండు వారాలకు దిగుతాయి. అంతదాకా తేడా అంతా చిన్న రంధ్రం గుండ్రంగా ఉందా, నిలువు చీలికలా ఉందా అన్న దాంట్లోనే ఉంటుంది, పిల్ల తన్నుకుంటుంటే అది కూడా సరిగ్గా కనిపించదు. "మళ్లీ చూడాలి" అని రాయాల్సింది. మార్చి చివర్లో గోళ్లు తీయించడానికి తెచ్చినప్పుడు చూస్తే అల్లం మగది, సందేహానికి తావే లేదు. పధ్నాలుగు వారాలు. ఇంకో రెండు మూడు వారాలు గడిస్తే బెల్లం కడుపుతో ఉండేది. ముప్పై ఒక్క రోజుల్లో ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ కడుపు నిలబడగలదు. కిరాయి ఇంట్లో ఒక వసారా ఎన్ని కుందేళ్లకు సరిపోతుందో లెక్క వేసుకోండి.

ఆ సాయంత్రమే వసారాను రెండు చేశాం. మిగిలిన జాలీతో రెండు వరసల అడ్డం, మధ్య నాలుగు అంగుళాల ఖాళీ. ఒకే వరస వేస్తే జాలీ సందుల్లోంచి ముక్కులు కొరుక్కుంటాయి. వాసన తెలియాలి, తగాదా జరగకూడదు. ఉత్తరం సగం బెల్లానికి, దక్షిణం సగం అల్లానికి. ఏప్రిల్ మధ్యలో, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు, కుందేళ్లకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న నా సహాధ్యాయిని పిలిపించి అల్లానికి ఆపరేషన్ చేయించాను. కుక్కకు చేసినట్టు ముందురోజు పస్తు పెట్టలేదు. కుందేలు పేగు ఆగకూడదు, వాంతి భయం ఎలాగూ లేదు. మధ్యాహ్నానికల్లా గరిక నమిలింది. ఆపరేషన్ అయినా ఆరు వారాలదాకా మగదానికి సత్తా మిగిలే ఉంటుంది కాబట్టి అడ్డం అలాగే ఉంచమన్నాను.

మే రెండో వారం, మధ్యాహ్నం రెండు నలభైకి ఫోను. కరెంటు పోయి గంటైంది, అల్లం పక్కకు ఒరిగి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. నోరు తెరిచి ఊపిరి తీసే కుందేలు చివరి మెట్టు మీద ఉన్నట్టు. అది ముక్కుతోనే శ్వాసించే జంతువు, చెమట పోయదు, కుక్కలా వగర్చి చల్లబడలేదు. ఉన్న దారల్లా చెవులే, ఆ పలుచటి చెవుల రక్తనాళాల నుంచి వేడి బయటికి పోవాలి. చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంటే చెవులు మాత్రం ఏం చేయగలవు? "రంజన్ నీళ్లతో చెవులు తడుపుతూ తీసుకురండి, ఐసు వద్దు" అన్నాను. ఐసు పెడితే నాళాలు ముడుచుకుని ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. వచ్చేసరికి ఒంటి వేడి 41.3 డిగ్రీలు. మామూలుగా 38.5 నుంచి 40 లోపు ఉండాలి. తడి బట్ట, ఫ్యాను, గది వేడిలో ఉన్న సెలైన్. గంటకు 39.6కు దిగింది. రాత్రి తొమ్మిదికి ఒక గరిక పోచ అందుకుంది, పదకొండుకు పెంటికలు పడ్డాయి. ఆ పెంటికలు చూసి నేను పడిన సంబరం నా భార్యకు ఇప్పటికీ అర్థం కాదు.

అదే వసారా, అదే మధ్యాహ్నం, బెల్లానికి ఏమీ కాలేదు. ఎందుకు?

మర్నాడు సరిగ్గా రెండున్నరకు వెళ్లి కూర్చున్నాను. బయట 43. ఉత్తరం చివర బండ మీద థర్మామీటరు 33 చూపించింది, దక్షిణం చివర 38. నేను నిలబడి గ్రిల్ దగ్గర ఛాతీ ఎత్తులో పెడితే 35, గాలి కూడా తగులుతోంది. అప్పుడు కాని తట్టలేదు. జనవరి ఉదయం ఎనిమిదింటికి నిలబడి, గాలి బాగా ఆడుతోందని మెచ్చుకున్నది నేనే. కుందేలు నిలబడదు. పిట్టగోడ వెనక బండ మీద పడుకుంటుంది, అక్కడికి గాలి రాదు. నిలువెత్తు గేటు ఉన్న ఉత్తరం వైపు మాత్రమే నేలబారున గాలి వస్తుంది, పైన మెట్ల స్లాబు నీడ కూడా అటే. దక్షిణం వైపు గోడ చాటు, నెత్తిన కాలే సిమెంటు రేకులు. స్థలాన్ని సమానంగా పంచాను కానీ, చల్లదనమంతా ఒకదానికే ఇచ్చాను. అడ్డం లేనన్నాళ్లూ పిల్లలు రెండూ మధ్యాహ్నాలు గేటు దగ్గరే పడుకునేవని పాప అప్పుడు చెప్పింది. అడిగి ఉంటే ముందే చెప్పేది.

అడ్డాన్ని విప్పి, అడ్డంగా కాక పొడవునా వేశాం. ఇప్పుడు రెండింటికీ తొమ్మిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండింటికీ ఉత్తరం చివర స్లాబు నీడ. జాలీ కాబట్టి గేటు గాలి అవతలికీ పోతుంది. రేకుల మీద తాటి కమ్మలు కప్పితే కోతులు రెండో రోజే పీకి పారేశాయి. ఆ తర్వాత తెల్ల సున్నం రెండు పూతలు వేశారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్నదీ ఈ సూత్రమే, తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. గ్రిల్‌కు గోనె పట్టాలు కట్టి గంటకోసారి తడిపారు. ఇన్ని చేసినా మధ్యాహ్నం ఉత్తరం చివర 31, 32. కుందేలుకు 30 దాటితే ఇబ్బందే. కాబట్టి మే నెలంతా పదకొండు నుంచి ఆరుదాకా హాల్లోకి, కూలరు ముందున్న గదిలోకి తెచ్చుకోవాల్సిందే అన్నాను. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలరు పనిచేస్తుంది, 28కి దిగింది. కరెంటు పోతే ఏం చేయాలన్నదానికి ఫ్రిజ్‌లో రెండు నీళ్ల సీసాలు గడ్డకట్టించి, పాత తువ్వాలు చుట్టి, పక్కన పెట్టడం. కుందేలు పడుకుంటే సీసాకు ఆనుకుంటుంది, వద్దనుకుంటే తప్పుకుంటుంది.

హాల్లో ఉన్న ఆ నెల రోజుల్లో బెల్లం మంచం కింది బియ్యం బస్తా ఒకటి కొరికి చిల్లు పెట్టింది. బియ్యం తినకముందే చూశారు. "వసారాలోంచి తీసి మీరే అక్కడ పెట్టించారు" అని ఆ తల్లి నాకు గుర్తు చేసింది.

బెల్లానికి ఆగస్టులో ఆపరేషన్ చేశాం. ఆడదానికి ఖర్చు ఎక్కువ, పొట్ట తెరవాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు. పైబడిన వయసులో ఆపరేషన్ లేని ఆడ కుందేళ్లకు గర్భాశయ క్యాన్సర్ ఎంత మామూలో తెలిశాక నేను ఆగమని చెప్పలేను. దాచిన డబ్బుకు ఇంకా కొంత కలపాల్సి వచ్చింది, మూడు నెలల వాయిదాల్లో కట్టారు. కుట్లు మానాక రెండింటినీ కలపడం ఇంకో రెండు వారాల పని. వసారాలో కాదు, అది ఇద్దరిదీ సొంత జాగా, తగాదా ఖాయం. పైన యజమానురాలి మెట్ల దగ్గర, ఏ వాసనా అంటని చోట, మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట. మొదటి రోజు అల్లం బెల్లం వీపు మీది బొచ్చు ఒక పిడికెడు పీకింది. పన్నెండో రోజు బెల్లం తల వంచితే అల్లం నుదురు నాకింది. అడ్డం తీసేశాం.

ఈ అనుభవం తర్వాత నా కేసు పుస్తకంలో నాలుగో గడి గీశాను: మధ్యాహ్నం మూడింటికి నేల మీద ఎంత. ఇంటి సలహా అడిగేవాళ్లు ఆ అంకె తెచ్చేదాకా నేనేమీ చెప్పను.

ఈ నెల మొదట్లో చూసినప్పుడు అల్లం 2.3 కిలోలు, బెల్లం 2.5. అరికాళ్ల బొచ్చు ఒత్తుగా ఉంది, పళ్లు సమంగా అరుగుతున్నాయి. ఫిర్యాదు ఒక్కటే, అదీ జంతువులది కాదు. కుందేలు మూత్రంలో సున్నం ఎక్కువ, ఆరితే టబ్బుకు తెల్లగా పొరకడుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లు పోసి కడగమని నేనే చెప్పాను. టబ్బుకేనని నొక్కి చెప్పలేదు. తండ్రి అదే నీళ్లతో బండ కూడా రుద్దాడు. షాబాదు బండ సున్నపురాయి, పులుపు తగిలితే కరుగుతుంది. టబ్బు ఉండే మూల జానెడు మేర మెరుపు పోయి, గరుకుగా తేలింది. ప్రస్తుతం టబ్బును సరిగ్గా దాని మీదే పెట్టారు. యజమానురాలు ఇంకా చూడలేదు.